ఆఫీసు వాట్సాప్, మెయిల్, చాట్: చట్టం ఎక్కడెక్కడ తగులుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

10 మంది నుంచి 200 మంది వరకు పనిచేసే సంస్థల యజమానులు, హెచ్‌ఆర్ చూసేవారు, అకౌంట్స్ విభాగం వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. పెద్ద కంపెనీల్లో ఈ పనికి ప్రత్యేక విభాగాలుంటాయి. చిన్న సంస్థలో మాత్రం సెలవు చీటీ, సరుకు ఆర్డరు, జీతాల పట్టిక, పుట్టినరోజు కేకు ఫొటో, అన్నీ ఒకే వాట్సాప్ గ్రూపులో నడుస్తాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. అక్కడ మనం మాట్లాడినట్టు రాస్తాం. రేపు తగాదా వస్తే దాన్ని పత్రంలా చదువుతారు. ఇప్పటికే నోటీసు చేతికందినవారు ముందు న్యాయవాదిని కలవండి, ఈ పేజీ తర్వాత చదువుకోవచ్చు.

వాట్సాప్‌లో ఒప్పుకున్న మాటకు చట్టంలో విలువ ఉంటుందా? స్టాంపు పేపరు, సంతకం ఉండాలి కదా?

ఉంటుంది. చాలామంది యజమానులు నమ్మలేని విషయం ఇదే. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం, 2000లోని 10ఎ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని చెల్లదనడానికి వీల్లేదు. భూమి అమ్మకం లాంటి కొన్ని లావాదేవీలకు రిజిస్ట్రేషన్ తప్పదు, అది వేరే సంగతి. సరుకు కొనడం, సేవ అందించడం, కమీషన్ ఇవ్వడం లాంటి మామూలు వ్యాపారపు ఒప్పందాలకు స్టాంపు పేపరు లేకపోవడం అడ్డంకి కాదు.

2010లో సుప్రీంకోర్టు ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల మధ్య నడిచిన కేసులో దీన్ని గట్టిగా చెప్పింది. బాక్సైట్ సరఫరాకు రెండు పక్షాలూ మెయిళ్లలో ధర, పరిమాణం, షిప్‌మెంట్ల సంఖ్య ఖాయం చేసుకున్నాయి. వివరమైన ఒప్పంద పత్రం మీద సంతకాలు పూర్తి కాలేదు. అయినా మెయిళ్లలోనే ఒప్పందం పూర్తయిందని కోర్టు తేల్చింది. 2020లో అంబాలాల్ సారాభాయ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో ఇంకో అడుగు వేసి, వాట్సాప్ సందేశాలు నోటిమాట లాంటివేననీ, వాటి అర్థమేమిటో విచారణలో సాక్ష్యంతో తేలాలనీ చెప్పింది. వాట్సాప్‌లో రాసిన ప్రతి మాటా ఒప్పందమైపోదు. మెయిళ్లు, సందేశాలు, ఆ తర్వాత ఇరుపక్షాలూ చేసిన పనులు, అన్నీ కలిపి చూస్తారు.

విదేశపు ఉదాహరణ ఒకటి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర రోజూ జరిగేది అచ్చం ఇదే. కెనడాలోని సస్కాచెవాన్‌లో 2021 మార్చిలో ఒక ధాన్యం కొనుగోలు సంస్థ అవిసె గింజల ఒప్పందాన్ని ఫొటో తీసి, ధ్రువీకరించమంటూ రైతుకు ఫోన్‌లో పంపింది. ఆయన బొటనవేలు పైకెత్తిన గుర్తు ఒక్కటి తిరిగి పంపారు. నవంబరు వచ్చేసరికి గింజల ధర రెట్టింపు దాటింది, సరుకు రాలేదు. ‘పత్రం అందిందని చెప్పానంతే, ఒప్పుకోలేదు’ అన్నది రైతు వాదన. ఇద్దరి మధ్య అంతకుముందు కూడా పొట్టి పొట్టి సమాధానాలతోనే ఒప్పందాలు కుదిరి, సరుకు చేరిందని కోర్టు గమనించింది. 2023లో 82 వేల కెనడా డాలర్లకు పైగా పరిహారం కట్టమంది. అప్పీలులోనూ ఆ తీర్పు నిలిచింది. మన కోర్టులు దానికి కట్టుబడనక్కర్లేదు. కానీ గుంటూరు మిర్చి యార్డులోనైనా, సికింద్రాబాద్ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా ఒక బొటనవేలుతో లక్షల సరుకు కదులుతున్న మాట నిజం.

అలాగని ప్రతి సందేశానికీ లాయర్‌ను అడగలేం. మరి ఏం చేయాలి?

ఎవరి మాట సంస్థను కట్టిపడేస్తుందో ముందే తేల్చి, అవతలివారికి తెలియజేయండి. ‘ధర, పరిమాణం చర్చ కోసమే. మా కొనుగోలు ఆర్డరు మెయిల్‌లో వస్తేనే ఖాయం’ అని సరఫరాదారుకు ఒకసారి మెయిల్ పంపి, గ్రూపు వివరణలో కూడా రాసిపెట్టండి. తర్వాత మీరే ఆ నియమాన్ని నాలుగుసార్లు పక్కనపెట్టి, వాట్సాప్ మాట మీద సరుకు దించుకుంటే ఆ మెయిల్ చిత్తు కాగితమే. కోర్టు చూసేది మీ నడవడికను.

స్క్రీన్‌షాట్ ఉంది. అది సాక్ష్యంగా సరిపోతుందా?

దానికదే సరిపోదు. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. పాత 65బి సెక్షన్ పని ఇప్పుడు 63వ సెక్షన్ చేస్తోంది. ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతితో పాటు ధ్రువపత్రం జతచేయాలి. చట్టం చివర ఉన్న ఆ ధ్రువపత్రం నమూనాకు రెండు భాగాలు. మొదటిది ఆ పరికరం ఎవరి చేతిలో ఉందో వారు, రెండోది నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టి తీసే ఒక అంకెల, అక్షరాల వరుస. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ వరుస మారిపోతుంది. ఫోనునే కోర్టు ముందుంచి, దాని యజమాని వచ్చి సాక్ష్యం చెబితే ధ్రువపత్రం అక్కర్లేదని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు పాత సెక్షన్ గురించి వివరించింది. ప్రతులు మాత్రమే పెడుతుంటే ధ్రువపత్రం తప్పనిసరి అని అదే తీర్పు చెప్పింది.

దీనికంటే ముందు జరిగే చిన్న పొరపాట్లే కేసులను ఎక్కువగా దెబ్బతీస్తాయి. స్క్రీన్‌షాట్ పైభాగంలో ‘రమణ సార్ కొత్తది’ అని మాత్రమే కనిపిస్తుంది. అది మీ ఫోన్‌లో మీరు పెట్టుకున్న పేరు. రేపు రమణ గారు ‘ఆ నంబరు నాది కాదు’ అంటే చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే ప్రొఫైల్ తెరిచి నంబరు కనిపించే తెరను కూడా తీసి ఉంచాలి. తేదీ స్థానంలో ‘నిన్న’, ‘మంగళవారం’ అని ఉంటే ఏ మంగళవారమో ఎవరికి తెలుసు? సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేస్తే ప్రతి సందేశానికీ తేదీ, సమయం వస్తాయి. మధ్యలో మీకు ఇబ్బందిగా అనిపించిన మూడు సందేశాలు కత్తిరించి మిగతావి ఇస్తే, అవతలి న్యాయవాది తన క్లయింటు ఫోన్‌లోంచి ఆ మూడూ తీస్తారు. ఆ తర్వాత మీరు చెప్పే మిగతా మాటలను కూడా ఎవరూ నమ్మరు. ఇక ఫోను మార్చేటప్పుడు పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి ఆ తర్వాత కేసు వేసేవారికి ఏ సెక్షనూ సాయం చేయలేదు.

డిలీట్ చేస్తే పోతుంది కదా? దానంతటదే మాయమయ్యే సందేశాల సదుపాయం వాడితే?

మీ ఫోన్‌లో పోతుంది. అవతలివారి స్క్రీన్‌షాట్‌లో, బ్యాకప్‌లో, కంప్యూటర్‌లో తెరిచి ఉంచిన వాట్సాప్ వెబ్‌లో ఉండిపోవచ్చు. మామూలు రోజుల్లో పనికిరాని చాట్‌లు తుడిచేయడం తప్పేమీ కాదు. వివాదం వచ్చిందని తెలిశాక తుడిచేయడం మాత్రం ప్రమాదకరం. కోర్టుకో ప్రభుత్వోద్యోగికో సాక్ష్యంగా చూపాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును అడ్డుకునే ఉద్దేశంతో ధ్వంసం చేస్తే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం, 3 ఏళ్ల వరకు జైలు పడవచ్చు.

గూగుల్ లాంటి సంస్థే దీంట్లో ఇరుక్కుంది. వీడియో గేముల సంస్థ ఎపిక్ గేమ్స్ వేసిన దావా అమెరికాలో నడుస్తుండగా గూగుల్ ఉద్యోగుల అంతర్గత చాట్‌లు 24 గంటల్లో వాటంతటవే చెరిగిపోతూనే వచ్చాయి. భద్రపరచాల్సిన బాధ్యతను సంస్థ నిర్వర్తించలేదని 2023 మార్చిలో జడ్జి తప్పుబట్టారు. చెరిగిన చాట్‌లు సంస్థకు వ్యతిరేకంగా ఉండేవని జ్యూరీ అనుకోవచ్చనీ చెప్పారు. ఆ డిసెంబరులో తీర్పు గూగుల్‌కు వ్యతిరేకంగా వచ్చింది.

కాబట్టి ఫిర్యాదో, లీగల్ నోటీసో, కనీసం ‘కోర్టులో చూసుకుందాం’ అన్న సందేశమో వచ్చిన రోజునే సంబంధిత ఉద్యోగులకు ‘ఈ విషయానికి చెందిన ఏదీ తీసేయవద్దు, ఆటో డిలీట్ ఆపండి’ అని రాతపూర్వకంగా చెప్పండి.

ఎంతకాలం దాచాలి?

చాట్‌లకంటూ ప్రత్యేక గడువు ఏ చట్టంలోనూ లేదు. అందులో ఏముందన్న దాన్ని బట్టి గడువు మారుతుంది. కంపెనీల చట్టం కింద లెక్కల పుస్తకాలు, వాటికి ఆధారాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. జీఎస్టీ రికార్డులకు, ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. ఒప్పందం ఉల్లంఘన మీద దావా వేయడానికి సాధారణంగా 3 ఏళ్ల గడువుంది. సర్వర్ల లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే వివరాలు) 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆర్డర్లు, బిల్లుల ఫొటోలు వాట్సాప్‌లో వస్తుంటే వాటిని నెలనెలా ఒక ఫోల్డరులోకి మార్చే పని ఒకరికి అప్పగించండి. అన్నీ ఎప్పటికీ దాచుకోవడం కూడా తెలివైన పని కాదు. పదేళ్ల క్రితం పనిచేసి వెళ్లినవారి ఆధార్ కాపీ మీ దగ్గర ఎందుకుందో రేపు మీరే చెప్పుకోవాలి.

గ్రూపులో ఎవరో పెట్టిన పోస్టుకు అడ్మిన్ జైలుకు వెళ్తాడా?

అడ్మిన్ అయినంత మాత్రాన ఇతరుల నేరం తలకెత్తుకోనక్కర్లేదని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అడ్మిన్‌కు కూడా ఆ ఉద్దేశం ఉందని చూపగలిగితే తప్ప కేసు నిలవదు.

అయితే ఆఫీసు గ్రూపు సంగతి కొంచెం వేరు. అడ్మిన్‌గా ఉన్నది హెచ్‌ఆర్ మేనేజరు అయితే, ఆయన చూశారంటే సంస్థకు తెలిసినట్టే. ఒక ఉద్యోగిని మీద అసభ్యమైన వ్యాఖ్య గ్రూపులో రెండు రోజులు అలాగే ఉండి, దానికింద మేనేజరే ‘శుభోదయం’ పెట్టి ఉంటే, మాకు తెలియదని సంస్థ ఎలా చెబుతుంది?

రాత్రిపూట వచ్చే ‘భోంచేశావా?’ సందేశం కూడా లైంగిక వేధింపేనా? ఎక్కడ గీత గీయాలి?

ఒక్క సందేశాన్ని విడిగా తీసి తూకం వేయలేం. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013, వ్యవహారంలో పోష్ చట్టం, చూసేది ‘ఇష్టం లేని’ ప్రవర్తనను. శరీర స్పర్శ, లైంగిక కోరికలు తీర్చమనడం, లైంగికపరమైన వ్యాఖ్యలు, అశ్లీల చిత్రాలు చూపడం, మాటతో గానీ సైగతో గానీ చేసే ఇతర లైంగిక ప్రవర్తన అందులోకి వస్తాయి. ఇవి ఫోన్ తెర మీద జరిగినా వేధింపే. పని ప్రదేశమంటే ఆఫీసు గోడల మధ్య మాత్రమే అనీ చట్టం అనలేదు. ఉద్యోగరీత్యా వెళ్లే చోట్లు, సంస్థ ఏర్పాటు చేసిన వాహనం, ఇల్లు కూడా ఆ నిర్వచనంలో ఉన్నాయి. ఇంటి నుంచి పని చేస్తున్నవారికి వీడియో కాల్‌లో జరిగినదాన్ని బయటి విషయమని తోసేయలేరు.

‘భోంచేశావా’ అన్నది తెలుగువాళ్ల పలకరింపే. పై అధికారి రోజూ రాత్రి 11 గంటలకు, తన బృందంలో ఒక్క అమ్మాయికే, ఆమె జవాబివ్వకపోయినా పంపుతూ, మధ్యలో డీపీ మీద వ్యాఖ్య చేసి, చివరికి ‘అప్రైజల్ దగ్గరపడుతోంది కదా’ అంటే ఆ పలకరింపు అర్థం మారిపోతుంది. ఫిర్యాదును విచారించే అంతర్గత కమిటీ ముందు ఈ వరుస మొత్తం పెడతారు. ‘సరదాకి అన్నాను’, ‘ఆమె కూడా నవ్వు బొమ్మ పెట్టింది కదా’ అన్నవి ప్రతి ఫిర్యాదులో వినిపించే సమాధానాలే. అధికారిని నొప్పించలేక పెట్టే నవ్వు బొమ్మను సమ్మతిగా చదవడం తప్పని నా ఉద్దేశం. అనుభవమున్న బయటి సభ్యులొకరు కమిటీలో ఉండాల్సింది ఇలాంటివి తూచడానికే.

10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలుండాలి. పెట్టకపోతే 50 వేల రూపాయల వరకు జరిమానా. ఘటన జరిగిన 3 నెలల్లో ఫిర్యాదు చేయాలి, తగిన కారణముంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించగలదు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. పత్రాలు, సాక్షులను రప్పించే విషయంలో కమిటీకి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. 10 మంది కన్నా తక్కువ ఉన్న చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు వెళ్తుంది. ఇవి కాక బాధితురాలు పోలీసుల దగ్గరికీ వెళ్లవచ్చు. వద్దన్నా వెంటపడి మెయిళ్లు, సందేశాలు పంపుతూ ఆమె ఆన్‌లైన్ కదలికలు గమనించడం న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం.

కమిటీ సభ్యులం వాట్సాప్ గ్రూపు పెట్టుకుని ఫిర్యాదు చర్చించుకుంటున్నాం. పర్వాలేదా?

వెంటనే ఆపండి. ఫిర్యాదు వివరాలు, ఇరుపక్షాల పేర్లు, విచారణ సంగతులు బయటపెట్టకూడదని పోష్ చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘించినవారికి 5 వేల రూపాయల జరిమానా ఉంది. జరిమానా చిన్నదే. సభ్యుల ఇంట్లో పిల్లలు ఆడుకునే ఫోన్‌లో వాంగ్మూలం ఉండడం పెద్ద విషయం. పాస్‌వర్డు పెట్టిన ఫైలు, ఆఫీసు మెయిల్, ముద్రించిన ప్రతులకు తాళం వేసిన బీరువా చాలు.

ఉద్యోగుల మెయిళ్లు, చాట్‌లు యజమాని చదవవచ్చా?

ఆఫీసు ఇచ్చిన ఖాతా, ఆఫీసు కంప్యూటర్, ముందుగా చెప్పిన నియమం, ఈ మూడూ ఉంటే పని అవసరం మేరకు చూడవచ్చు. ఉద్యోగి సొంత వాట్సాప్‌ను ఆఫీసు కంప్యూటర్‌లో లాగౌట్ చేయకుండా వెళ్లిపోతే కూర్చుని చదవడం మాత్రం కూడదు. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి, అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలో చొరబడితే 43, 66 సెక్షన్లు తగులుతాయి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ప్రైవేటు యజమానికి నేరుగా వర్తించబోయేది మాత్రం డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023. ఉద్యోగ అవసరాలకు, సంస్థ రహస్యాలు బయటికి పోకుండా చూసుకోవడానికి ఉద్యోగి డేటాను వేరే సమ్మతి లేకుండా వాడుకునే వీలు 7వ సెక్షన్ ఇచ్చింది. దాన్ని అడ్డుపెట్టుకుని భార్యాభర్తల మాటలు చదివితే అవసరమెక్కడుందని ప్రశ్నిస్తారు.

ఐరోపాలో ఉన్న తెలుగువారు తెలుసుకోవలసింది ఒకటుంది. రొమేనియాలో ఒక సేల్స్ ఇంజినీరు ఆఫీసు పనికి తెరిచిన యాహూ మెసెంజర్‌లో సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆ సంభాషణల అచ్చు ప్రతులు తీసి ఆయన ముందు పెట్టారు. ఎంత లోతుగా గమనిస్తారో ముందుగా చెప్పకపోవడం వల్ల ఆయన గోప్యతకు రక్షణ దక్కలేదని 2017లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది.

సొంత ఫోనుతో ఆఫీసు పని చేయించుకోవచ్చా?

చట్టం ఆపదు. అయినా ఈ పేజీలో ఒక్క పనికే డబ్బు ఖర్చుపెట్టగలిగితే, దీని మీదే పెట్టమంటాను. సేల్స్ చూసే అబ్బాయి సొంత నంబరు మీద మూడొందల మంది ఖాతాదారులు ఆర్డర్లు పంపుతారు. ఆ అబ్బాయి పోటీ సంస్థకు వెళ్లిన రోజున నంబరు, చాట్‌లు, ధరల చరిత్ర ఆయన జేబులోనే వెళ్లిపోతాయి. ‘ఫోను ఇవ్వు, తుడిచేస్తాం’ అని లాక్కుంటే ఎదురు కేసు మీ మీదే. నెలకు కొన్ని వందల రూపాయల రీఛార్జితో కంపెనీ పేరున సిమ్, దాని మీద వాట్సాప్ బిజినెస్ ఖాతా ఉంటే ఈ గొడవ పుట్టదు. మనిషి మారినా నంబరు సంస్థదే. అంతర్గత మాటలకు కంపెనీ మెయిల్‌తో నడిచే చాట్ వాడండి. ఉద్యోగం మానేసిన సాయంత్రమే ఖాతా మూసి, గ్రూపుల నుంచి తీసేయడం హెచ్‌ఆర్ పట్టికలో ఉండాలి. మానేసి ఆరు నెలలైనా గ్రూపులో కొనసాగుతున్నవారు ప్రతి సంస్థలోనూ ఉంటారు. ఇవాళే ఒకసారి చూసుకోండి.

గ్రూపులో ఆధార్, పాన్ కార్డులు, జీతాల ఎక్సెల్ షీటు పెట్టడం మామూలే. తప్పా?

మామూలే, తప్పు కూడా. డేటా పరిరక్షణ చట్టం కింద నియమావళి 2025 నవంబరులో నోటిఫై అయింది. అసలు బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. భద్రతా జాగ్రత్తలు తీసుకోని సంస్థకు జరిమానా 250 కోట్ల రూపాయల వరకు వెళ్లవచ్చు. చిన్న సంస్థకు అంత పడకపోవచ్చు గానీ, డేటా బయటికి పొక్కితే డేటా పరిరక్షణ బోర్డుకు, సంబంధిత వ్యక్తులకు చెప్పాల్సిన బాధ్యత చిన్నవారికీ ఉంటుంది. 2027 దాకా ఏమీ లేదనుకోవద్దు. కాంట్రాక్టు కింద చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని అవతలివారికి నష్టం చేసేలా బయటపెడితే ఐటీ చట్టం 72ఎ ఇప్పుడే వర్తిస్తుంది. సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలన్న నిబంధన 2022 నుంచే ఉంది.

పత్రాలు తీసుకోవడానికి ఒక మెయిల్ చిరునామా పెట్టి, చూడగలిగేవారిని ఇద్దరికి పరిమితం చేయండి.

మాది లిస్టెడ్ కంపెనీ / మేం అమెరికా బ్యాంకుకు హైదరాబాద్‌లో పనిచేస్తాం. అదనంగా ఏమైనా ఉందా?

లిస్టెడ్ కంపెనీలో త్రైమాసిక ఫలితాలు, విలీనాలు లాంటి బయటికి రాని సమాచారాన్ని న్యాయమైన అవసరం లేకుండా ఎవరికీ చెప్పకూడదని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనలు అంటాయి. ఎవరికి ఎప్పుడు చెప్పారో నమోదు చేసే డిజిటల్ డేటాబేస్‌ను 8 ఏళ్లు ఉంచాలి. 2017లో కొన్ని కంపెనీల ఫలితాలు ముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయని బయటపడింది. సెబీ వేసిన జరిమానాలను 2021 మార్చిలో అప్పీలు ట్రైబ్యునల్ కొట్టేసింది, అది లోపలి సమాచారమేనని రుజువు కాలేదంది. ఊరట దొరికింది గానీ, ఫోన్లు స్వాధీనం, విచారణ, ఏళ్ల తరబడి తిరగడం తప్పలేదు.

అమెరికాలో సంగతి ఇంకా కఠినం. 2021 డిసెంబరులో జేపీ మోర్గాన్‌కు, 2022 సెప్టెంబరులో మరో 16 వాల్‌స్ట్రీట్ సంస్థలకు భారీ జరిమానాలు పడ్డాయి. ఆ 16 సంస్థలు అక్కడి మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఒక్కదానికే 110 కోట్ల డాలర్లకు పైగా కట్టాయి. ఎవరినో మోసం చేసినందుకు కాదు, ఉద్యోగులు సొంత ఫోన్లలో వ్యాపార సందేశాలు పంపుకొని, వాటిని సంస్థ భద్రపరచనందుకు. గచ్చిబౌలిలో కూర్చుని అలాంటి సంస్థకు పనిచేసేవారికి ‘వాట్సాప్‌లో పని మాటలు వద్దు’ అని శిక్షణలో పదేపదే చెప్పేది అందుకే.

చాట్‌జీపీటీ లాంటి వాటిలో ఆఫీసు పత్రాలు పెట్టవచ్చా?

సొంత ఖాతాతో పెట్టవద్దు. 2023లో శాంసంగ్ ఇంజినీర్లు కోడ్‌ను అందులో అతికించిన తర్వాత ఆ సంస్థ వాడకాన్నే ఆపేసింది. 2025 జనవరిలో మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఆఫీసు పరికరాల్లో వాటిని వాడవద్దని ఉద్యోగులకు చెప్పింది. క్లయింటుతో రహస్య ఒప్పందం ఉంటే, అతికించిన క్షణానే ఉల్లంఘన కావచ్చు. మీటింగులో చేరి అన్నీ రాసుకునే ఏఐ సహాయకుడి గురించి ఎవరూ ఆలోచించరు. మీటింగు ముగిసి ఇద్దరే మిగిలి మూడోవ్యక్తి గురించి మాట్లాడుకున్నది కూడా నోట్సులో చేరి అందరికీ మెయిల్‌లో వెళ్తుంది.

కులం, మతం, రాజకీయాల ఫార్వర్డ్‌లు?

ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది కాబట్టి ఇక ఏం రాసినా పర్వాలేదని అనేవారున్నారు. మిగతా సెక్షన్లు అలాగే ఉన్నాయి. వర్గాల మధ్య వైరం పెంచడం (న్యాయ సంహిత 196), పరువునష్టం (356), బెదిరింపు (351) ఫోన్‌లోనూ నేరాలే. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని కులం పేరుతో నలుగురి కంటబడేలా అవమానిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల (వేధింపుల) నిరోధక చట్టం వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించే చోట అవమానించినా అది బహిరంగంగా చేసినట్టేనని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ‘నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశానంతే’ అనే సమాధానం ఆఫీసు క్రమశిక్షణ విచారణలో ఎలాగూ నిలవదు. పని గ్రూపులో పని తప్ప మరేదీ వద్దని రాసిపెట్టండి. ముందు యజమానులే దేవుడి ఫొటోలు పంపడం మానాలి.

వాట్సాప్‌లో రాజీనామా, తొలగింపు చెల్లుతాయా?

రాతపూర్వకంగా అన్న చోట ఎలక్ట్రానిక్ రూపం సరిపోతుందని ఐటీ చట్టం 4వ సెక్షన్ అంటుంది. కాబట్టి చెల్లదని గుడ్డిగా అనలేం. నియామక పత్రంలో ఏ పద్ధతి రాసుకున్నారో అదే పాటించండి. రాత్రి కోపంలో ‘రేపటి నుంచి రాను’ అన్న వాయిస్ మెసేజ్‌ను రాజీనామాగా తీసుకుని పొద్దున్నే ఖాతా మూసేయడం తొందరపాటు. మెయిల్ పంపి నిర్ధారించుకోండి. తొలగింపుకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టంలో ఆరు నెలలు దాటిన ఉద్యోగికి నెల రోజుల రాతపూర్వక నోటీసో, బదులుగా జీతమో ఇవ్వాలన్న నియమం ఉంది. ఐటీ సంస్థలకు ఈ చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి, మీకు ఏవి వర్తిస్తాయో కనుక్కోండి.

మెయిల్‌లో మా లీగల్ మేనేజరును సీసీలో పెడితే అది రహస్యమైపోతుందా?

కాదు. న్యాయవాదికి, క్లయింటుకు మధ్య మాటలకు ఉండే పూర్తి రక్షణ, జీతం మీద పనిచేసే కంపెనీ లా ఆఫీసరుకు వర్తించదని 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది. నిజంగా సున్నితమైన విషయమైతే కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాదితో నేరుగా మాట్లాడండి.

పని వేళలు దాటాక సందేశాలు పంపడం నేరమా?

మన దేశంలో కాదు. పని ముగిశాక ఫోను ఎత్తకుండా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి ఉంది. ఇక్కడ 2018లో లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు వచ్చింది గానీ చట్టం కాలేదు. అయితే ఓవర్‌టైమ్ వివాదంలో రాత్రి 10 గంటల సందేశాలే పని చేసినట్టు ఉద్యోగి చూపించే ఆధారం అవుతాయి.

ఇవన్నీ కలిపి ఒక పాలసీ రాయాలంటే ఎన్ని పేజీలు?

రెండు చాలు. విదేశీ సైటు నుంచి తెచ్చి పేరు మార్చిన 20 పేజీల ఇంగ్లిష్ పత్రం మీద అందరి సంతకాలూ ఉంటాయి, చదివినవారు ఉండరు. గోదాములో, డెలివరీలో పనిచేసేవారు తెలుగు చదువుతారు కదా, తెలుగులోనే రాయండి. ఏ మాటకు ఏ మాధ్యమం, ఎవరు ఒప్పుకుంటే సంస్థ ఒప్పుకున్నట్టు, సంస్థ ఏమేం చూస్తుంది, ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఎంతకాలం దాస్తారు, మానేసేటప్పుడు ఏం అప్పగించాలి. ఇంతే. ఉల్లంఘించినవారు డైరెక్టరు బావమరిదైనా చర్య ఒకటే అన్నది కాగితం మీద రాయడం తేలిక, చేసి చూపించాలి.

ఎండీ గారి ఫొటో ఉన్న కొత్త నంబరు నుంచి ‘మీటింగులో ఉన్నాను, వెంటనే డబ్బు పంపు’ అని సందేశం వచ్చింది. అకౌంటెంట్ పంపేశాడు. ఇప్పుడెలా?

మొదట 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌కు ఫిర్యాదు. ఆ చాట్‌ను, నంబరును బ్లాక్ చేసే ముందే ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి, భయంతో ఫోన్‌ను ఫార్మాట్ చేయవద్దు. ఈ హడావుడిలో ‘పోలీసు నోటీసు’ అంటూ వాట్సాప్‌లో ఇంకొకటి వస్తే అనుమానించండి. హాజరు కావాలంటూ ఇచ్చే నోటీసును పోలీసులు వాట్సాప్‌లో పంపకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అకౌంటెంట్‌ను ఆ రోజే ఉద్యోగంలోంచి తీసేయకండి. పోలీసులకు, బ్యాంకుకు జరిగింది జరిగినట్టు చెప్పగలిగేది ఆయనొక్కడే. పైగా కొత్త నంబరు నుంచి వచ్చిన చెల్లింపు ఆదేశాన్ని పాత నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలన్న నియమం మీరు ఎప్పుడైనా రాసి ఇచ్చారా అని విచారణలో అడుగుతారు.